నిలబడ్డ జీపు నిజం చెప్పదు

కథలూ పద్యాలూ తప్ప మరొకటి రాయని ఈ పుటలో ఇవాళ జీపు ప్రసక్తి ఏమిటని చదువరులు ఆశ్చర్యపోవచ్చు. కొన్నేళ్ళుగా మనసులో నలుగుతున్న విషయమిది. రాయకుండా ఉండటానికి కారణం సిగ్గు. ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న ఒక పరిచయస్తుడు పాత జీపుకు ఇంజిను మార్పించి "స్టార్టయింది, పనైపోయింది" అని సంబరంగా ఫోను చేయడం. ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. అందులో ఉన్న పొరపాటును విప్పి చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా ఒక్క మాట పేరు గురించి. గేరుపెట్టె నుంచి ఇరుసుకు తిప్పుడును చేరవేసే ఉక్కు గొట్టాన్ని 'చోదకదండం' అని రాస్తే మన భాషాభిమానం తృప్తి పడుతుంది గాని, ఏ షెడ్డులో అడిగినా ఆ వస్తువు చేతికి రాదు. షెడ్డులో అది ప్రొపెల్లర్ షాఫ్టు, లేదా ఒట్టి షాఫ్టు. దాని రెండు చివరలా ఉండే యూనివర్సల్ జాయింటు పేరు క్రాసు. క్రాసును పట్టుకుని ఉండే కొమ్ములు చెవులు. ఇరుసు పైకీ కిందికీ కదిలినప్పుడు షాఫ్టు పొడవు పెరిగి తగ్గడానికి గాళ్ళు కోసిన జారుడు భాగం స్లిప్ జాయింటు. ఈ నాలుగు పేర్లు గుర్తుంటే చాలు, మిగిలినదంతా ఇంగితజ్ఞానమే.

మా బావ దగ్గర సీజే3బీ జీపు ఉండేది. మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టాక, మన కొండదారులలో తిరిగిన తరాలలో అదొకటి. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలే. చిన్న బండి. సన్నని మలుపులలో హాయిగా తిరుగుతుంది. దాని పెట్రోలు ఇంజిను దాహం తట్టుకోలేక బావ 2011 వేసవిలో ఒక నిర్ణయం తీసుకున్నాడు. తర్వాతి కాలపు డీజిల్ జీపు నుంచి తీసిన ఇంజినునూ, దానితో వచ్చే నాలుగు గేర్ల పెట్టెనూ కొని, పాత ట్రాన్స్‌ఫర్ కేసును దానికి తగిలించి, అన్నిటినీ ఆ 80 అంగుళాల మధ్య ఇమడ్చమని ఒక షెడ్డులో అప్పగించాడు. యంత్రశాస్త్రం చదివినవాణ్ణని నన్ను వెంట తీసుకువెళ్ళాడు.

కొత్త జత పాతదానికంటే నాలుగు అంగుళాలు పొడవు. ముందు రేడియేటరు ఉంది కనుక ఆ పొడవంతా వెనక్కే పోవాలి. ట్రాన్స్‌ఫర్ కేసు నాలుగు అంగుళాలు వెనక్కి జరిగింది. వెనుక షాఫ్టు ఆ మేరకు పొట్టిదైంది, ముందు షాఫ్టు ఆ మేరకు పొడుగైంది. లేతుషాపులో ఒకదానిని కోయించి, మరొకదానిని అతికించి మేస్త్రి బిగించాడు. బండి కింద దూరి, షాఫ్టుకూ ఛాసిస్ అడ్డపట్టీకీ నడుమ చేయి పెట్టి చూసి, "రెండు వేళ్ళు పడుతున్నాయండి, ఏం పర్లేదు" అన్నాడు. నేనూ దూరి చూశాను. రెండు వేళ్ళూ పట్టాయి. సాయంత్రమవుతోంది, మర్నాడు మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకున్నాము. "చాలు బావా, తీసుకుపోదాం" అన్నవాణ్ణి నేనే.

ఆ రెండు వేళ్ళ కొలత ఎక్కడ తప్పిందో చెప్పాలి. కొలత అబద్ధం కాదు. సమతలమైన గచ్చుమీద, నాలుగు చక్రాలూ సమంగా ఆని, ఇంజిను ఆగి ఉన్న క్షణానికి అది అక్షరాలా నిజం. కాని కొండదారిలో జీపు ఆ స్థితిలో ఉండే క్షణం ఒక్కటీ ఉండదు. ఒక చక్రం గోతిలో వేలాడుతుంది, మరొక చక్రం బండమీదికెక్కి కమాన్ కట్టలను అణిచివేస్తుంది. మొదటి గేరులో బలం పడగానే ఇంజిను తన రబ్బరు దిమ్మలమీద ఒక పక్కకు ఒరుగుతుంది. వెనుక ఇరుసు కూడా మెలితిరిగి, దాని ముక్కు పైకి లేస్తుంది. షాఫ్టు ఇన్ని కదలికల మధ్య తిరగవలసిన వస్తువు. నిలబడ్డ జీపు కింద చూసి దాని చుట్టూ ఖాళీ ఉందనడం, కూర్చున్న మనిషికి కుట్టిన చొక్కాను చేతులెత్తి చూడకుండా సరిపోయిందనడం లాంటిది.

లెక్క చూడండి. మా వెనుక షాఫ్టు మొదట సుమారు 20 అంగుళాలు. ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కుకూ ఇరుసు ముక్కుకూ ఎత్తులో తేడా ఆరు అంగుళాలు. అంటే షాఫ్టు వాలు 17 డిగ్రీల పైచిలుకు. నాలుగు అంగుళాలు పోయి పదహారైతే, అదే ఆరు అంగుళాల తేడాకు వాలు సుమారు 22 డిగ్రీలు. ఇది గచ్చుమీద. ఇరుసు మరో మూడు అంగుళాలు కిందికి వేలాడితే పాత షాఫ్టుకు వాలు 25 డిగ్రీలు, కొత్తదానికి 31. మామూలు క్రాసులు చాలావరకు 30 డిగ్రీల చుట్టుపక్కల చెవులు ఒకదానికొకటి తాకడం మొదలుపెడతాయి. పాత షాఫ్టు గోతిలో దిగినా బతికి బయటపడేది. కొత్తది అదే గోతిలో తన చెవులను తానే విరుచుకుంటుంది. అదే వేలాడడంలో షాఫ్టు పొడవు కూడా అంగుళంపావుకు పైగా పెరగాలి. స్లిప్ జాయింటులో గాళ్ళు అంత మేరకు మిగిలి ఉన్నాయో లేదో ఆ సాయంత్రం మేము చూడలేదు.

ఆ జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో మరో విశేషముంది. దాని వెనుక ముక్కు బండికి నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. దానికి తగినట్టుగా వెనుక ఇరుసులోని గుండు కూడా అదే పక్కకు ఉంటుంది. అందువల్ల రెండు చక్రాలలో ఏది గోతిలో పడిందన్నది ముఖ్యమవుతుంది. గుండుకు దగ్గరి చక్రం దిగితే ఇరుసు ముక్కు ఎక్కువ దిగుతుంది, దూరపు చక్రం దిగితే తక్కువ. మర్నాడు పొద్దుటి నుంచీ మేము ఎన్నో గోతులు దాటాము. అదృష్టమో దురదృష్టమో గాని, లోతైనవన్నీ దూరపు చక్రం వైపే వచ్చాయి. మధ్యాహ్నానికి మాకు ధైర్యం బలిసింది.

ఘాట్ రోడ్డు వదిలి, ఒక వాగు వైపు పోయే మట్టిదారిలో ఎగువకు ఎక్కుతున్నాము. దారి పొడిగానే ఉంది కనుక బావ ముందు చక్రాలకు గేరు కలపలేదు. వాన కోసిన చాలులోకి ఈసారి దగ్గరి చక్రం దిగింది. టప్పుమని ఒక శబ్దం. తర్వాత కింద ఏదో ఇనుము దబదబా కొట్టుకుంది. బావ వెంటనే క్లచ్చి నొక్కి, కాలి బ్రేకు వేసి ఆపాడు. ఇంజిను నడుస్తూనే ఉంది, బండికి మాత్రం కదలిక లేదు. వాలు బాగానే ఉంది. వెనుక కూర్చున్న మేనల్లుడితో "దిగి చక్రం వెనక రాయి పెట్టు నాన్నా" అన్నాడు బావ. వాడికి పన్నెండేళ్ళు. వాడు దిగి రాయి కోసం వంగాడు. నేను చేతి బ్రేకు లాగాను. అది గట్టిగా పట్టింది. ఆ పట్టును నమ్మి బావ కాలి బ్రేకు మీది నుంచి పాదం తీశాడు.

జీపు వెనక్కి కదిలింది.

బావ పాదం తిరిగి బ్రేకుమీద పడేలోపు అది కదిలింది జానెడు మేర. రాయి చేతబట్టుకుని వాడు చక్రం వెనుకే ఉన్నాడు. వాడికి ఏమీ కాలేదు. ఏమైందో కూడా వాడికి తెలియలేదు. "మామయ్యా, పెట్టేశా" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

చేతి బ్రేకు ఎందుకు పట్టలేదో కిందికి వంగి చూశాక అర్థమైంది. నిజానికి పట్టింది. ఆ జీపులలో చేతి బ్రేకు చక్రాలలో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదలయ్యే చోట ఒక డ్రమ్ములో ఉంటుంది. అది షాఫ్టును పట్టుకుంటే షాఫ్టు చక్రాలను పట్టుకోవాలి. మా షాఫ్టుకు ముందు చివరి క్రాసు విరిగిపోయి, అది డ్రమ్ము నుంచి విడివడి మట్టిలో పడి ఉంది. చేతి బ్రేకు తన డ్రమ్మును భద్రంగా పట్టుకునే ఉంది, కాని దానికీ చక్రాలకూ మధ్య ఏ సంబంధమూ మిగలలేదు. ముందు చక్రాలకు గేరు కలిపి ఉంటే వాటి ద్వారానైనా అది బండిని ఆపేది. పుస్తకాలలో చదివిన సంగతే ఇది. ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. షాఫ్టు తెగితే బండి ఆగిపోతుందని మాత్రమే అనుకుంటాము. దానితోపాటు చేతి బ్రేకు కూడా తెగుతుందని ఎవరు తలుస్తారు? విరిగిన షాఫ్టు కొట్టుకున్న చోటికి బెత్తెడు దూరంలో కాలి బ్రేకు నూనె గొట్టం ఉంది. అది కూడా పోయి ఉంటే ఈ టపా రాసే చేతులు నాకు ఉండేవి కావు.

క్రాసు చెవులమీద తాజాగా మెరిసే గీతలున్నాయి. అడ్డపట్టీ అంచున రంగు పోయి ఉక్కు మెరుస్తోంది. సైలెన్సర్ గొట్టానికి సన్నని చంద్రవంక లాంటి ఒరిపిడి ఉంది. ఇవన్నీ ఆ ఒక్క గోతిలో పడినవి కావు. పొద్దుటి నుంచీ ప్రతి గోతిలోనూ కొంచెం కొంచెంగా పడినవి. తిన్నగా వంద గజాలు నడిపి, కిందికి వంగి చూసి ఉంటే ఇనుము మాకు చెప్పేది. దారిలో రెండుసార్లు టీకి ఆగాము. ఒక్కసారీ వంగలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. ఇంజినూ గేరుపెట్టె మార్చిన బండికి, షాఫ్టు ఖాళీలను దాని అన్ని భంగిమలలోనూ కొలిచేదాకా పని పూర్తయినట్టు కాదు. ఆ కొలత అదనపు జాగ్రత్త కాదు, చాదస్తం కాదు. మార్పు అనే పనిలో అది సగభాగం. మేస్త్రికి ఇచ్చే కూలిలోనూ, మనం కేటాయించే రోజులలోనూ దానికి చోటు ఉండాలి. మా మేస్త్రిని నేను ఎన్నడూ నిందించలేదు. బిగించడానికి కూలి మాట్లాడుకున్నాము, బిగించి ఇచ్చాడు. పరీక్షించడానికి మేము ఒక్క రూపాయి గాని ఒక్క పూట గాని ఇవ్వలేదు. పైగా తొందర పెట్టాము.

ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. రెండు జాకీలు, నాలుగు గట్టి దిమ్మలు, ఒక సుద్దముక్క, ఒక కొలబద్ద, ఇంట్లోంచి కొంచెం చపాతీ పిండి చాలు. నేను ఆ తర్వాత నేర్చుకుని పాటించిన వరస ఇది.

మొదటిది, వేలాడే స్థితి. ఛాసిస్‌ను దిమ్మలమీద భద్రంగా నిలిపి, చక్రాలు గాలిలో వేలాడేలా చేయాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరరాదు. గేరు న్యూట్రలులో పెట్టి షాఫ్టును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఒక్కచోటనైనా బిగుసుకుంటే చెవులు తాకుతున్నట్టు. స్లిప్ జాయింటులో ఎన్ని అంగుళాల గాళ్ళు ఇంకా ఒకదానిలో ఒకటి ఉన్నాయో సుద్దతో గుర్తు పెట్టాలి.

రెండవది, అణిగిన స్థితి. ఇరుసును రబ్బరు దిమ్మ తాకేదాకా పైకి నెట్టాలి. కమాన్ కట్టలు పూర్తిగా ఉంటే జాకీకి బండే పైకి లేస్తుంది గాని కట్ట అణగదు. అందుకని పెద్ద ఆకు ఒక్కటి ఉంచి మిగిలినవి తీసి చూడాలి. శ్రమే. కాని స్లిప్ జాయింటు మొత్తం లోపలికి పోయి అడుగున తగులుతుందో లేదో తెలిసేది ఇక్కడే. తగిలితే తర్వాతి దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగులకూ, దాని పెంకుకూ పడుతుంది. కమాన్ కట్ట అణిగి చదునైనప్పుడు పొడుగవుతుంది, ఇరుసు షాకిలు ఉన్న వైపుకు జరుగుతుంది. అందువల్ల షాఫ్టు ఎక్కడ అత్యంత పొడుగో, ఎక్కడ అత్యంత పొట్టో ఊహతో తేలదు. ప్రతి రెండు అంగుళాల కదలికకూ కొలవాలి.

మూడవది, మూలవాటు. ఒక వెనుక చక్రాన్నీ, దానికి ఎదుటి మూల ముందు చక్రాన్నీ ఎత్తులమీద ఎక్కించి చూడాలి. తర్వాత మిగిలిన రెండింటినీ. మా బండి ఓడిపోయిన పరీక్ష ఇదే. ఒక వైపు గెలిస్తే రెండో వైపు గెలిచినట్టు కాదని పైన చెప్పాను.

నాలుగవది, ఇంజిను ఒరుగు. గడ్డపార ఊతంతో ఇంజినును దాని దిమ్మలమీద రెండు పక్కలకూ కదిపి చూడాలి. సీజే3బీ మూడు గేర్ల పెట్టెలోనే మొదటి గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు చిన్న గేరు 2.46. రెండూ హెచ్చిస్తే ఇంజిను మెలిపెట్టే బలం షాఫ్టు దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఏడింతలు. అంత బలానికి రబ్బరు దిమ్మ కదలకుండా ఉండదు.

ఐదవది, ముందు షాఫ్టు. దీనిని అందరూ మరుస్తారు. ముందు చక్రాలకు గేరు కలపనంతకాలం అది తిరగదనుకుంటారు. విడదీసే హబ్బులు లేని బండిలో ముందు చక్రాలే దానిని నిరంతరం తిప్పుతుంటాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చిన్న చక్రాలకూ, 5.38 ఇరుసు నిష్పత్తికీ లెక్కకడితే అది నిమిషానికి సుమారు 2,400 సార్లు తిరుగుతుంది. పొడుగైన షాఫ్టు సైలెన్సర్ గొట్టానికో, స్టార్టరు మోటారుకో దగ్గరగా పోతుంటే తారురోడ్డు మీదే ఒరుసుకుంటుంది.

ఖాళీ ఎంత ఉండాలి? నా నియమం, బండి అత్యంత ఇరుకైన భంగిమలో కూడా షాఫ్టు చుట్టూ ఒక అంగుళం. చేయి పట్టని చోట్ల పిండిముద్ద పెట్టి షాఫ్టు తిప్పితే ముద్ద ఎంత పలచబడిందో అదే ఖాళీ. అరంగుళం దిగితే నేను ఒప్పుకోను. అడ్డపట్టీని గ్రైండరుతో అరగదీసి ఖాళీ సంపాదించే పద్ధతిని అసలే ఒప్పుకోను. అది బండి వెన్నెముకను కోసి చొక్కాకు సరిపెట్టడం. వీలైతే ఇంజినును ముందుకు జరపాలి, వీలుకాకపోతే మరొక పొట్టి గేరుపెట్టెను వెతకాలి. రెండూ కాకపోతే ఆ మార్పు ఆ బండికి పనికిరాదని ఒప్పుకోవాలి.

కోసి అతికిన షాఫ్టు విషయంలో మరొక్కటి. రెండు చివరల చెవులూ ఒకే వరసలో ఉండాలి. వాలుగా తిరిగే క్రాసు, ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. 22 డిగ్రీల వాలులో ఈ హెచ్చుతగ్గు ఏడెనిమిది శాతం. ఒక చివర చేసిన తప్పును రెండో చివర దిద్దుతుంది. అయితే చెవుల వరసా, రెండు చివరల కోణాలూ సరిపోయినప్పుడే. అతుకు వేసేవాడు చెవులను ఇష్టం వచ్చినట్టు పెడితే రెండు తప్పులూ కలిసి బండిని వణికిస్తాయి. ఆ వణుకును ఇంజిను మీదికి తోసి నెలలు గడిపినవారున్నారు.

ఇంతా చెప్పాక ఎదురుమాట ఒకటి వస్తుంది. "కొండల్లో తిరిగేవాడికి క్రాసు విరగడం మామూలే, ఒకటి పెట్టెలో పెట్టుకుంటే సరి." అరిగి విరిగే క్రాసుకు ఈ మాట సరిపోతుంది. చోటు చాలక విరిగే క్రాసుకు సరిపోదు. దాని బదులు పెట్టిన కొత్తదీ అదే గోతిలో విరుగుతుంది. పైగా అది విరిగే క్షణంలో బండి వెనుక ఎవరు ఉంటారో మనం ఎంచుకోలేము. మరొకరు చట్టం మాట ఎత్తుతారు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఇంజిను మార్పుకు అధికారుల అనుమతి కావాలి. తీసుకోవలసిందే. కాని కాగితం చూసేది ఇంజిను నంబరును. మూలవాటుగా నిలబెట్టిన బండి కింద షాఫ్టుకూ గొట్టానికీ మధ్య ఎంత చోటు మిగిలిందో ఏ కాగితమూ చూడదు. ఆ పని చేసేది బండి కింద దూరినవాడే, చేయకపోతే అనుభవించేది బండిలోనూ వెనుకా ఉన్నవాళ్ళు.

బావ ఆ జీపును అమ్మలేదు. గేరుపెట్టెను మళ్ళీ దింపించి, ఇంజినును రేడియేటరు వైపు రెండున్నర అంగుళాలు జరిపించి, రేడియేటరునే కాస్త ముందుకు తోయించి, కొత్త షాఫ్టు చేయించాడు. పరీక్షకు మూడు రోజులు పట్టింది, కూలి ఇచ్చాడు. ఈసారి మేస్త్రి సైతం ఆసక్తిగా కూర్చుని, పిండిముద్దను గోటితో కొలిచి, "ఇది మా షెడ్డులో ఎవరూ చేయలేదండి" అన్నాడు. షాఫ్టు ఊడినా నేలకు గుచ్చుకోకుండా ఇనుప పట్టీతో ఒక ఉచ్చు కూడా బిగించాడు. ఆ ఆలోచన పూర్తిగా అతనిదే.

మేనల్లుడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఆ జీపు వాడే నడుపుతాడు. ఆనాడు ఏం జరిగిందో వాడికి నేను ఇంతవరకు చెప్పలేదు. ఈ టపా చదివి తెలుసుకుంటాడు. ఒరే, నీ జీపుకు కొత్త కమాన్ కట్టలు వేయించి ఎత్తు పెంచాలని ఈమధ్య అంటున్నావట. ఎత్తు పెరిగితే షాఫ్టు వాలూ పెరుగుతుంది. చేయించే ముందు ఒకసారి ఇంటికి రా. దిమ్మలు నా దగ్గరే ఉన్నాయి.

చదువరులలో పాత బండ్లకు ఇలాంటి మార్పులు చేయించినవారుంటే, ఎక్కడ ఎంత ఖాళీ వదిలారో, ఏది తగిలిందో రాయండి. కొలతలతో రాస్తే మరీ సంతోషం.